మొద్దు దవడలు

ఆ వేసవిలో ఒకరోజు పొద్దున్నే నా పెద్ద పట్టకారు కనబడలేదు.

కొలిమి పక్కన ఇనుము పెట్టి కొట్టే దాగలి, దాగలి పక్కన నీళ్ళ తొట్టి, తొట్టికి ఆనించి పట్టకారు. మా నాన్న ఉన్నప్పటి నుంచీ దాని చోటు అదే. మిగతా సామాను ఎక్కడ పడితే అక్కడ ఉండొచ్చుగానీ అది మాత్రం కదలదు. ఎర్రగా కాలిన బండి ఇరుసును కూడా కదలకుండా పట్టుకునేది. కళ్ళు మూసుకుని చెయ్యి చాస్తే అందాలి. చాచాను. అందలేదు.

"పూమయిలూ!" అని ఇంట్లోకి కేకేశాను. ఉంటేగా పలకడానికి! తెల్లారీ తెల్లారకముందే ఆడవాళ్ళతో కలిసి చెరువులోకి దిగిపోయింది మహాతల్లి. పొయ్యి మీద మూతపెట్టిన రాగి అంబలి, పక్కనే కాల్చిన ఎండుచేప ముక్క. కట్టుకున్న మొగుడికి ఆ పూట దక్కిన సంసారం అంతే.

ఆ ఏడు మా నెడుంగుళం చెరువు నిండా నీళ్ళకు బదులు సర్కారు తుమ్మ ఉంది. మా రామనాథపురం వైపు ఏ చెరువు చూసినా అదే కథ. పంచాయతీవాళ్ళు పెద్ద చెట్లను కొట్టించేశారు, బొగ్గులు కాల్చేవాళ్ళు దుంగలు ఎత్తుకుపోయారు. మిగిలినవి పిల్ల మొక్కలు. వాటిని చూసి తేలిగ్గా అనుకునేరు! నరికితే ఊరుకునే జాతి కాదది. ఒక్క కొమ్మ నరికితే మొదట్లోంచి గుంపుగా లేస్తుంది. వేరుతో సహా పీకాల్సిందే. చేత్తో పీకితే ముళ్ళు, గడ్డపారతో తవ్వితే నడుము నొప్పులు. ఐప్పసి నెల వానలు దిగేలోపు చెరువు శుభ్రమైతే నీళ్ళు నిలుస్తాయి, ఊరు వరి నాటుకుంటుంది. లేకపోతే మళ్ళీ ఏడాదంతా మిరప చేలకు ట్యాంకరు నీళ్ళే.

ఆ పనికి ఊళ్ళో ఆడవాళ్ళు పేర్లు ఇచ్చారు. మా పూమయిలు కూడా ఇచ్చింది. కూతురు పెళ్ళై పోయాక ఇంట్లో మేమిద్దరమే. పెళ్ళైన కొత్తలో నుంచీ నా కొలిమికి గాలి కొట్టే చక్రం ఆమే తిప్పేది. ఇనుము ఏ రంగుకొచ్చిందో నాకంటే ముందు ఆమెకు తెలిసేది. అలాంటిది, "కొలిమికి పనెక్కడుంది మావా, వారానికి రెండు కొడవళ్ళేగా" అని లేచి వెళ్ళింది. నాకు కావాల్సింది ఒక్కటే. ఆమె తిరిగొచ్చి నా ఎదురుగా ఆ చక్రం దగ్గర కూర్చోవాలి. కూర్చుని, ఈ కమ్మరి ఇరుళప్ప ఆసారి చేతి పనికి సాటి లేదని ఒప్పుకోవాలి. ఆ వేసవంతా నేను పడ్డ పాట్లన్నీ దానికోసమే.

పట్టకారు ఎక్కడికి పోయిందో ఆలోచించగా ఆలోచించగా తట్టింది. కొన్నాళ్ళ క్రితం ఒక సాయంత్రం ఆమె చెరువు నుంచి వచ్చీ రాగానే బొగ్గుముక్క తీసుకుని నా ముందే నేల మీద బొమ్మ గీసింది.

"మావా, ఇటు చూడు. నీ పట్టకారు కాళ్ళు నొక్కితే నోరు బిగుస్తుందా లేదా? దానికి మనిషంత పొడుగు కాడ తగిలించి, కింద ఆనుకోడానికి ఒక పాదం పెట్టామనుకో. మొక్క మొదలు నోట్లో ఇరికించి కాడను కిందికి వంచితే వేరు ఊడి రాదా?"

వేటకత్తులు సాన పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు అక్కడ. వాళ్ళ ముందు నాకు హుషారెక్కింది.

"ఏం, భూమికి పళ్ళు పీకుతావా?" అన్నాను.

వాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె ఆ బొమ్మను కాలితో తుడిచేసి లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నాకు కాస్త భయం వేసేది. తిట్టలేదు కాబట్టి అక్కడితో మర్చిపోయాను.

ఇప్పుడు గుర్తొచ్చేసరికి పంచె ఎగ్గట్టి చెరువు వైపు పరుగు తీశాను.

గట్టెక్కేసరికి కనబడింది. చెరువు మధ్యలో ఆడవాళ్ళంతా గుండ్రంగా నిలబడి ఉన్నారు. మధ్యలో పూమయిలు. ఆమె చేతిలో పొడవాటి ఇనుప గొట్టం. ఆ గొట్టం కొసన, నా పట్టకారు! మా నాన్న పట్టకారు! కాళ్ళు కోసేసి, ఒక దవడను గొట్టానికి అతికి, ఇంకోదాన్ని ఊగేలా వదిలి, వెనకాల పలక ముక్కతో ఒక పాదం పెట్టారు.

పూమయిలు ఆ నోటిని ఒక తుమ్మ మొక్క మొదట్లో ఇరికించింది. గొట్టం కొస పట్టుకుని ఒళ్ళంతా బరువు వేసి కిందికి వంచింది. పాదం నేలకు ఆనుకుంది, దవడలు బిగుసుకున్నాయి, పటపటమని మట్టి చీలింది. మూరెడు వేరుతో మొక్క లేచి వచ్చింది. ఆడవాళ్ళు గోలగోలగా కేకలేశారు. పూమయిలు నవ్వింది. తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనబడేలా.

అన్నేళ్ళు నా కొలిమి ముందు కూర్చుంది. ఒక్కనాడైనా అలా నవ్వలేదు.

"రా ఆసారీ, రా!" అంది చెల్లాయి. చెల్లాయి అన్నది పేరే, ఆ గుంపుకు పెద్ద ఆమె. పళ్ళు రాలిపోయినా నోటి దురుసు తగ్గలేదు. "నీ పట్టకారు ఎక్కడికో పోలేదులే, పక్కింటికి కాపరానికొచ్చింది."

పక్కిల్లంటే ఎవరిదో నాకు తెలుసు. వాడు అక్కడే ఉన్నాడు. మెయిన్ రోడ్డు మీద వెల్డింగ్ షాపు పెట్టిన సందియాగు. నల్ల కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని, నిప్పురవ్వలు పడి చిల్లులైన చొక్కాతో, చేతులు కట్టుకుని ఏదో ఘనకార్యం చేసినట్టు నిలబడ్డాడు.

"రా అన్నా," అన్నాడు. "అక్క గీసి చూపించింది. నేను అతికి పెట్టాను. అంతే."

అక్కా అంట, అక్క! వాడు ఊళ్ళోకొచ్చి నిండా రెండేళ్ళు కాలేదు. గేట్లు వాడి దగ్గరికే, ట్రాక్టరు నాగళ్ళు వాడి దగ్గరికే. ఆఖరికి నా పెళ్ళాం కూడా వాడికి అక్కయిపోయింది.

"ఎవరినడిగి తెచ్చావే?" అన్నాను పూమయిలుతో. "ఆయుధపూజకు పసుపు కుంకుమ పెట్టి దణ్ణం పెట్టుకునే వస్తువది. పరాయివాడితో కోయిస్తావా?"

"నిన్నడిగాను మావా. నువ్వు నవ్వావు. తమ్ముణ్ణడిగాను. వాడు నవ్వలేదు."

అంత మందిలో ఆ మాట అనేసి ఇంకో మొక్క దగ్గరికి వెళ్ళింది. నాకు కడుపు మండిపోయింది. పట్టకారు పోయిందని కాదు. ఆ నవ్వు వాడి గొట్టం పట్టుకుని నవ్వినందుకు.

ఆ తర్వాత రోజులు నాకు నరకమే. ఎడం చేత్తో చక్రం తిప్పాలి, కుడి చేత్తో ఇనుము తిప్పాలి, సుత్తి పట్టుకోబోయేసరికి మంట చల్లారేది. కత్తులు తెచ్చినవాళ్ళు ఊరికే పోతారా? "ఏం ఆసారీ, గాలి కొట్టే మనిషి కొత్త కంపెనీలో చేరిందటగా?" అనేవాళ్ళు. ఇంటికొస్తే అదో బాధ. అన్నం ముందు కూర్చున్నా ఆమె నోట ఆ గొట్టం మాటే.

"పాదం ఇంకాస్త వెడల్పు చెయ్యాలన్నాడు తమ్ముడు. నిజమే, మెత్తటి నేలలో దిగబడుతోంది. తమ్ముడు ఏమన్నాడంటే..."

"మీ తమ్ముడింట్లోనే తినేసి రాకపోయావా?"

"పిలిచాడు. వాళ్ళమ్మ చేపల పులుసు చేసిందంట. నీకు అన్నం ఎవరు పెడతారని వచ్చేశాను."

ఆమె ఏ కల్మషం లేకుండా అంది. ఆ పూట మెతుకు దిగలేదు నాకు.

అయితే దేవుడనేవాడు ఉన్నాడు. ఒకరోజు టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే చెరువు వైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, గొట్టం విరిగిందట. అతుకు దగ్గర టక్కున ఊడిపోయిందట. నేను ఇంకో తాటిబెల్లం కాఫీ చెప్పుకుని, ఆస్తి కలిసొచ్చినవాడిలా తీరిగ్గా తాగాను. పట్టకారుది పాత ఉక్కు. కరెంటు మంట దాని పైపైన అంటుకుంటుందేగానీ లోపలికి దిగదు. నాకు ముందే తెలుసు. చెప్పానా? నేనెందుకు చెబుతాను?

ఇంటికెళ్ళి కొలిమి ముందు కూర్చున్నాను. ఇక వస్తుంది. "మావా, నువ్వు తప్ప ఇది ఎవరి వల్లా కాదు" అంటుంది. కాసేపు బెట్టు చేసి ఒప్పుకుందాం అనుకున్నాను.

రాలేదు. మళ్ళీ వాడి దగ్గరికే వెళ్ళింది. వాడు మళ్ళీ అతికాడు. ఈసారి అతుకు నిలిచిందిగానీ పట్టకారు దవడే విరిగిపోయింది.

ఆ సాయంత్రం విరిగిన ముక్కలు పట్టుకొచ్చి నీళ్ళ తొట్టి పక్కన పెట్టింది. "నీ సామాను నీకొచ్చేసింది. ఇక నన్నేమీ అనకు," అంది. గడపలో కూర్చుని రెండు చేతులకూ పసుపు ముద్ద రాసుకుంటోంది. గొట్టం లేకపోయేసరికి ఆ రోజంతా ఉత్త చేతులతో పీకినట్టుంది, మోచేతుల దాకా చీరుకుపోయి ఉన్నాయి.

మా నాన్న పట్టకారు రెండు ముక్కలైనందుకు నాకు కోపం రావాలి. చేతులు చూశాక రాలేదు.

"చెరువు ఎంత వరకూ అయింది?" అన్నాను.

"సగం కూడా కాలేదు. ఇలాగైతే ఐప్పసికి కాదు," అంది. అని, ఇంకేమీ అడగకుండా లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అడిగితే చేద్దామని ఉంది నాకు. అడగదే!

సరే, అడగకపోతే పోనీ. వాడు విరగ్గొట్టినదాన్ని నేను నిలబెడతాను, ఊరంతా చూడాలి, ముఖ్యంగా ఆ నల్ల కళ్ళద్దాలు చూడాలి అనుకున్నాను. పరమక్కుడి రోడ్డులో లారీ షెడ్డు నుంచి తెచ్చిన స్ప్రింగు పట్టీ ఒకటి అటక మీద ఉంది. దాన్ని దించాను. ఆమె చెరువుకు వెళ్ళినప్పుడు కాల్చాను, ఆమె వచ్చేలోపు గోనెపట్టా కప్పేశాను. చక్రం నేనే తిప్పుకున్నాను, సమ్మెట నేనే కొట్టుకున్నాను. భుజాలు పడిపోయాయి. అయినా ఏం దవడలవి! చిలక ముక్కులా వంపు తిరిగి, నీళ్ళు పట్టిస్తే నీలం రంగు తేలి, గోటితో మీటితే ఖంగున మోగాయి. అతుకు లేదు, రెండింటికీ కలిపి కాల్చిన రివెట్టు బిగించాను. గొట్టం కోసం వాడి గడప తొక్కుతానా? పాత బండి నొగ ఒకటి ఉంటే దానికే ఇనుప పొన్ను వేసి తగిలించాను.

మర్నాడు దాన్ని భుజాన వేసుకుని చెరువులోకి దిగాను. వాడూ ఉన్నాడు అక్కడ, దవడలు లేని ఆ గొట్టం పట్టుకుని ఏదో కొలుస్తున్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి?

"ఇదిగో," అన్నాను పూమయిలు చేతికిస్తూ, వాడికి వినబడేలా. "ఇది విరగదు."

ఆమె కళ్ళు ఒక్కసారి మెరిశాయి. నా కళ్ళతో చూశాను. దవడలు ఒక మొక్క మొదట్లో ఇరికించి, నొగ మీద బరువు వేసింది.

టక్.

మొక్క తెగి పక్కకు పడింది. వేరు నేలలోనే ఉండిపోయింది. కత్తితో కోసినట్టు నున్నగా ఉంది కోత.

"ఇంకోటి చూడు," అన్నాను.

ఇంకోటీ తెగింది. ఆ పక్కదీ తెగింది. నరికిన తుమ్మ అంటే మళ్ళీ ఏడాదికి గుంపుగా లేచే తుమ్మ. ఆ పనే వద్దని ఊరంతా మొత్తుకుంటుంటే నేను దానికోసం ప్రత్యేకంగా ఒక యంత్రం చేసి తెచ్చాను.

"ఓయమ్మా!" అని చెల్లాయి నేల మీద కూలబడి నవ్వింది. "ఆసారీ, ఇది పీకేది కాదయ్యా, చెరువుకు గుండు గీసేది!"

అందరూ నవ్వారు. పూమయిలు నవ్వలేదు. దవడ లోపలి వైపు బొటనవేలు పెట్టి చూసి, చటుక్కున తీసేసింది. వేలి మీద రక్తపు బొట్టు.

"దీనికి అంచెందుకు పెట్టావు మావా?"

"నేనెక్కడ పెట్టాను?" అన్నాను. వంగి చూశాను. నిజంగానే ఉంది. అరిచేతులెత్తి మొక్కాలనిపించేంత చక్కటి అంచు. నేను పెట్టాలనుకోలేదు. చెయ్యి పెట్టేసింది. మా వంశమే అంత. మా నాన్న మా అమ్మకు గరిటె చేసిస్తే దాంతో కూర కలిపినప్పుడల్లా వంకాయలు ముక్కలైపోయేవట. ఇనుము మా చేతిలో పడిందంటే కోసేదిగా మారాల్సిందే.

సందియాగు ముందుకొచ్చి రివెట్టు పట్టుకుని ఊపి చూశాడు. "పని మాత్రం రాయిలాంటిది అన్నా. చూడక్కా, కాస్తయినా కదలట్లేదు. నా అతుకు ఇలా నిలిస్తేనా!" అన్నాడు.

నవ్వినవాళ్ళను భరించాను. వాడి మెచ్చుకోలు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది. నొగ భుజాన వేసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆమె చెరువు నుంచి వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. ఇంట్లోకి వెళ్ళలేదు. నేరుగా వచ్చి చక్రం దగ్గర పీట లాక్కుని కూర్చుంది. ఎన్నాళ్ళైందో ఆమె అక్కడ కూర్చుని! నేను చూడనట్టు ఆకురాయి వెతుకుతున్నాను.

చక్రం తిరిగింది. బొగ్గులు భగ్గుమన్నాయి.

"కాల్చు," అంది.

దవడలు విప్పి మంటలో పెట్టాను. ఎర్రబడ్డాక తీసి అంచు మీద కొట్టాను. చల్లారాక ఆమె వేలితో తడిమింది.

"ఇంకా కోస్తుంది."

మళ్ళీ కాల్చాను. మళ్ళీ కొట్టాను. ఎన్నిసార్లు కొట్టినా సుత్తి తనంతట తాను పక్కకు వాలి మళ్ళీ సన్నం చేస్తోంది. ఇనుమును పాడు చెయ్యడం ఇంత కష్టమని నాకు తెలీదు.

"ఇంకా కోస్తుంది మావా."

"మరెంత మొద్దుగా ఉండాలే?" అన్నాను విసుగ్గా. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఇనుము గురించి నేను ఒకరిని అడగడం అదే మొదలు.

ఆమె కాలు ముందుకు చాచింది. పగుళ్ళు తేలిన మడమ చూపించింది. "ఇంత," అంది. "దీంతో మొక్కను తొక్కిపడితే జారదు, తెగదు. అలా ఉండాలి. ఇక నీళ్ళలో ముంచకు. బూడిదలో పెట్టి మెల్లగా చల్లారనీ. గట్టిపడితే మీ నాన్న పట్టకారులాగే విరుగుతుంది."

నేను ఆమె మడమ వైపు చూస్తూ కొట్టాను. అంచు పోయింది. గుండ్రటి, మొద్దు, అందం చందం లేని దవడ తయారైంది. మా నాన్న చూస్తే కొలిమి నుంచి వెళ్ళగొట్టేవాడు. ఆమె వేలితో తడిమి, మళ్ళీ తడిమి, తల ఊపింది.

"బాగుంది," అంది.

నా చేతి పని గురించి ఆమె ఆ మాట అనగా వినడం అదే మొదటిసారి. అది కూడా ఆ వికారపు ముక్కను చూసి!

"నొగ బరువెక్కువ. గొట్టమే ఉండాలి. రేపు తమ్ముడి షాపుకు పోదాం."

"నేను రాను."

"అయితే నేనే పోతా."

"వస్తాలే, పద."

వాడి షాపులో నేను బల్ల మీద కూర్చోలేదు. వాడు టీ తెప్పిస్తే వద్దన్నాను. గొట్టానికి దవడలు ఎలా బిగించాలనే దగ్గర వాడు బోల్టు అన్నాడు, నేను రివెట్టు అన్నాను. "బోల్టైతే దవడ అరిగినప్పుడు మార్చుకోవచ్చు కదన్నా?" అన్నాడు. "నేను చేసింది అరగదు," అన్నాను. పూమయిలు మా ఇద్దరి మధ్యా నిలబడి, "కదిలే చోట బోల్టు, కదలని చోట రివెట్టు. ఇక నోళ్ళు ముయ్యండి," అంది. ఇద్దరం మూసుకున్నాం. టీ చల్లారిపోతోందని తాగేశాను.

ఈసారి పని చేసింది. ఎలా చేసిందంటే, చెల్లాయి లాంటి ముసలమ్మ కూడా గొట్టం మీద వేలాడితే చాలు, బొటనవేలంత లావు మొక్క వేరుతో సహా లేచొచ్చేది. ఒకటి చాలదని ఇంకొన్ని చేశాం. దవడలు నావి, గొట్టాలు వాడివి. పీకిన తుమ్మ గట్టు పొడుగునా గుట్టలు పడింది. ఐప్పసికి ముందు వచ్చే పుర్రటాసి నెల వెళ్ళేలోపు చెరువు అద్దంలా అయింది.

అయితే నా కడుపు మంట చల్లారిందా? ఎలా చల్లారుతుంది? ఊళ్ళో దాన్ని అందరూ ఏమని పిలిచారో తెలుసా? సందియాగు గొట్టం! గొట్టం పైన కనబడుతుంది కదా. నా దవడలు మట్టిలో ఉంటాయి, వాటిని ఎవరు చూస్తారు? "సందియాగు గొట్టం ఇలా ఇవ్వు," "సందియాగు గొట్టం ఎక్కడ పెట్టావు," రోజంతా ఇదే. పూమయిలు వింటూ ఊరుకునేది. నేను ఉడికిపోయేవాణ్ణి.

ఐప్పసిలో వాన కుమ్మేసింది. చెరువు తూము దాటి నిండింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేసి, మైకు పెట్టి సభ చేశారు. మా వైపు ఎవరినైనా గౌరవించాలంటే శాలువా కప్పాలి. శాలువా లేకపోతే సభే కాదు. ప్రెసిడెంటు చాలాసేపు మాట్లాడి, చివరికి శాలువా చేతిలోకి తీసుకున్నాడు.

"మన చెరువును కాపాడిన ఈ పరికరాన్ని కనిపెట్టిన మన ఊరి ఆణిముత్యం, మన వెల్డింగ్ సందియాగు!"

వాడు చేతులు జోడించి వేదికెక్కాడు. జనం చప్పట్లు. ప్రెసిడెంటు శాలువా విప్పాడు. నాకు ఒళ్ళంతా భగ్గుమంది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే లేచి నిలబడి అరిచేశాను.

"ఆగండి! అది వాడి బుర్రలోది కాదు! నా పెళ్ళాం కనిపెట్టింది! నా కొలిమి ముందు, బొగ్గుముక్కతో, నా కళ్ళెదురుగా గీసింది! నవ్విన వెధవను నేను, నాకు తెలీదా?"

షామియానా కింద తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆమె మీద ప్రేమతో అరిచానని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రేమా లేదు, గీమా లేదు. ఆ శాలువా వాడి భుజం మీద పడకూడదు, అంతే.

సందియాగు మైకు అందుకున్నాడు. "ఆ మాట చెబుదామనే ఎక్కాను. ఆసారన్న చెప్పనిస్తేగా!" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పూమయిలును వేదిక మీదికి నెట్టారు. పరాయి ఆడదానికి మగవాడు శాలువా ఎలా కప్పుతాడని ప్రెసిడెంటు తటపటాయిస్తుంటే, చెల్లాయి గబగబా ఎక్కి లాక్కుని తనే కప్పింది. ఆడవాళ్ళంతా నాలుకలాడిస్తూ శుభానికి పెట్టే కులవ కూతలు పెట్టారు. "మాట్లాడమ్మా," అని మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

సిగ్గుపడుతుందనుకున్నాను. పడలేదు.

"గొట్టం ఇంకా బరువుగా ఉంది," అంది. "ఆడవాళ్ళకు భుజాలు పోతున్నాయి. వచ్చే ఏడాదికి తేలిక చేస్తాను. గొట్టం తమ్ముడు అతికాడు. దవడలు మా ఆయన కొట్టాడు. ఇద్దరూ చెప్పినట్టు చేశారు."

ఇద్దరూ! ఒకే గొంతుతో, ఒకే ఊపిరిలో, నన్నూ వాణ్ణీ ఒక గాటన కట్టేసింది. పక్కకు తిరిగి చూస్తే వేదిక దిగొచ్చిన సందియాగు చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొడుతున్నాడు. చిత్రం ఏమిటంటే, వాడి మీద నాకు ఏ మంటా లేదు. వేసవంతా వాణ్ణి చూసి కాలిన కడుపు అలాగే కాలుతోంది, కానీ చూపు మాత్రం వేదిక మీద ఉంది. జనమంతా ఆమె చుట్టూ మూగారు. పక్క ఊళ్ళవాళ్ళు పేరు అడుగుతున్నారు. తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతోంది. నేను కుర్చీల మధ్య ఒక్కణ్ణే నిలబడ్డాను.

ఆమె తిరిగి కొలిమి దగ్గరికి వచ్చేసింది, ఆ మాట చెప్పాలి. చెరువులో పనైపోయింది కదా. పొద్దున్నే పీట లాక్కుని కూర్చుంటుంది. చక్రం నేనే తిప్పుతాను. ఎంత మొద్దుగా కొట్టాలో, పాదం ఎంత వెడల్పు పెట్టాలో ఆమె చెబుతుంది. కాదంటే వాదిస్తుంది, వాదించి గెలుస్తుంది.

కార్తీక మాసంలో ఒకరోజు కముది వైపు నుంచి ఒకాయన మోపెడ్ మీద వచ్చాడు. నేను సుత్తి పట్టుకుని చెమటలు కక్కుతున్నాను.

"పూమయిలమ్మ కొలిమి ఇదేనా?" అన్నాడు.

మా తాత పెట్టిన కొలిమి, మా నాన్న నడిపిన కొలిమి. సుత్తి దాగలి మీద పెట్టాను. కడుపులో అదే మంట, బాగా అలవాటైన మంట, గొంతు దాకా వచ్చింది.

"మీరు ఆవిడ దగ్గర పని చేస్తారా?" అన్నాడు ఆయన మళ్ళీ, మర్యాదగానే.

ఇంట్లోంచి ఆమె గొంతు వినిపించింది, ఎవరితోనో ఫోన్లో పాదం వెడల్పు గురించి గట్టిగా వాదిస్తోంది.

"అవునండీ," అన్నాను. "కూర్చోండి, పిలుస్తాను."